గుర్రం మెత్తగా ఉండాలి

ఫిజీ ఆయన పోయాడని మీ అమ్మ వంటింట్లోకి వచ్చి చెప్పినప్పుడు నేను బెండకాయలు తుడుస్తున్నాను. ఎప్పుడని అడిగాను. పొద్దున్నే అంది. మిగిలిన కాయలు కూడా తుడిచి పక్కన పెట్టాను. ఆయన మనకు చుట్టం కాదు, పొలం పక్క మనిషి. ఏడుపు రాలేదు గానీ ఆ పూటంతా ఆయన మాటలే చెవిలో తిరిగాయి. అందుకే నిన్ను కూర్చోబెట్టాను చిన్నీ. నేను చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే టైపు కొట్టు. తెలియని మాట వస్తే ఆపి అడుగు.

పేరు రాయకు. తన పేరు ఎవరి నోట విన్నా ఆయన మొహం చిట్లించేవాడు. ఇక్కడివాళ్ళు సగం మింగేస్తారని, మనవాళ్ళు లేని దీర్ఘం తగిలిస్తారని ఆయన బాధ. మనింట్లో అందరికీ ఆయన ఫిజీ ఆయనే. వాళ్ళ తాతని ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి చెరుకు తోటల పనికని ఓడెక్కించి ఆ దీవులకి తీసుకుపోయారట. అక్కడ గొడవలయ్యాక ఈయన సిడ్నీ వచ్చి బస్సు నడుపుతూ, నడుపుతూనే ఊరికి దూరంగా పొలం కొన్నాడు. ఇంతకు మించి పుట్టుపూర్వోత్తరాలు నాకూ తెలియవు.

ఆయన తెలుగు ఆ తాత నేర్పిందే. నాకంటే పెద్దవాడై ఉండి నన్ను అక్కా అని పిలిచేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"నేను మీకు అక్కనెలా అవుతానండీ, మీ జుట్టు చూసుకోండి ఓసారి."

"జుట్టుదేముందక్కా, అది ఎండకి తెల్లబడుండాది" అన్నాడు.

ఏ వస్తువైనా కొనేముందు ఆయన దాన్ని కళ్ళతో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని చూసేవాడు. హారిస్ పార్క్‌లో మనవాళ్ళ షాపుల వీధిలో ఒకసారి ప్రెషర్ కుక్కర్ కొనడానికి నాతో వచ్చి, మూత పెట్టి తీసి, పెట్టి తీసి, కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డాడు. కౌంటర్లో ఉన్న పిల్ల భయపడి, "అంకుల్, ఆర్ యూ ఓకే?" అని అడిగింది. బస్సు నడిపిన ఇన్నేళ్ళూ తలుపు మూసుకునే చప్పుడుని బట్టి ఆ రోజు బండి దారిలో ఆగుతుందో లేదో చెప్పేసేవాణ్ణని అనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఆయన భార్య ఉన్నప్పుడు మాత్రం, "ఈ మనిషి పెళ్ళిచూపుల్లో కూడా కళ్ళు మూసుకున్నాడు, నేను నిద్రపోయాడనుకున్నాను" అని నవ్వేది.

చివర్లో వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్‌లో చేర్చడానికి కూతురు తీసుకెళ్తే మొదటి రెండూ వద్దన్నాడట. ఒకచోట తలుపు రేకు డబ్బా మూసినట్టు మోగిందట. ఇంకోచోట మంచం పక్క బెల్లు నొక్కితే లోపలే ఉండిపోయిందట. తర్వాతిదానిలో కుళాయి తిప్పి, బీరువా తలుపు తీసి వేసి, "ఇది పనికొస్తాది" అన్నాడట. అక్కడే పోయాడు.

ఇప్పుడు తుపాకి సంగతి చెప్తాను. ఆయన మనిషి ఏమిటో నాకు తెలిసింది దానివల్లే.

నువ్వప్పుడు బాగా చిన్నపిల్లవి. మనం క్వేకర్స్ హిల్‌లో ఉండేవాళ్ళం, అక్కడికి గంటన్నర దూరంలో మీ నాన్న ఆ పొలం కొన్నాడు. ఆఫీసుకి ఏడాది జీతం లేని సెలవు పెట్టాడు. ఆ ఏడాదికి అందరం పొలంలో ఉన్న ఇంటికే మారాం. ఆ వేసవికి గోంగూర చేతికొస్తే పొలం నిలుస్తుంది, రాకపోతే పొలం అమ్మేసి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మీ అమ్మకీ మీ నాన్నకీ ఒప్పందం అది. హారిస్ పార్క్ షాపు ఆంటీ కూడా ముందే చెప్పింది, డిసెంబర్‌లో సరుకు తెస్తే అంతా తీసుకుంటుందట, లేకపోతే క్వీన్స్‌లాండ్ నుంచి తెచ్చే అతను ఉండనే ఉన్నాడట. ఇక్కడ దీపావళికి ఎండలు మొదలవుతాయి కదా, అప్పుడు విత్తనం వేశాం. ఎర్రకాడ గోంగూర. మొలక బెత్తెడు లేచిందో లేదో కుందేళ్ళు దిగాయి.

ఇక్కడి కుందేళ్ళు నీ బొమ్మల పుస్తకంలోవి కావు. సాయంత్రం అయ్యేసరికి గుంపుగా వచ్చి ఒక సాలు మొదలుపెడితే మొదలంటా కొరుక్కుంటూ పోతాయి. వల కడితే కిందనుంచి తవ్వుకుని వచ్చాయి. మీ నాన్న డబ్బా వాయించాడు. రెండు రోజులు భయపడ్డాయి, మూడో రోజు ఆ వాయిద్యం వింటూనే తిన్నాయి.

అప్పుడు ఫిజీ ఆయన వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను లోపల దోసెల పిండి కలుపుతున్నాను. మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

"తొందరపడొద్దు నాయినా. ముందు గుర్రం చూడాల. గుర్రం మెత్తగా ఉండాల. అట్లని చెప్పకుండా దూకేది వద్దు."

"అలాగే అంకుల్."

"తరవాత నోరు చూడాల. నోటి అంచు దెబ్బతినుంటే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. తరవాత మేత. మేత వరసగా తింటా ఉండాదా, మధ్యలో గొంతు పట్టేస్తా ఉండాదా? తినింది కుడిపక్కకి శుభ్రంగా విదిలించాల."

"కొత్తదా, పాతదా అంకుల్?"

"రెండూ చూద్దాం. కొత్తదానికి మెరుపెక్కువ. పాతదాన్ని ఎవురు ఎట్లా వాడినారో తెలవదు."

నేను పిండి చేత్తో అలాగే నిలబడిపోయాను. కుందేళ్ళని తరమడానికి గుర్రమెందుకు? ఇక్కడి పద్ధతేమో, గుర్రమెక్కి పొలం చుట్టూ తిరుగుతారేమో అనుకున్నాను. అల్లుడి విషయంలో అత్తగారు కలగజేసుకోకూడదని ఊరుకున్నాను. ఊరుకున్నదాన్ని పూర్తిగా ఊరుకోవాలి కదా, ఆ సాయంత్రం ఫోన్లో మా చెల్లెలికి చెప్పాను, గుళ్ళో ఇంకొకరికి చెప్పాను. ఆ వారం మీ అమ్మ హారిస్ పార్క్ వెళ్తే షాపు ఆంటీ, "గుర్రం కొంటున్నారంట కదా, కాస్త ఎరువు నాకూ ఇప్పించండి, బాల్కనీలో కరివేపాకు చెట్టు ఎండిపోతోంది" అందట.

మీ అమ్మ ఇంటికొచ్చి నన్ను అడిగింది. నేను విన్నదంతా చెప్పాను. మీ నాన్న కుర్చీలో కూలబడి నవ్వాడు. "అత్తయ్యగారూ, అది తుపాకి గుర్రం" అన్నాడు. తుపాకికి వేలు పెట్టి లాగే కొక్కెం ఉంటుంది చూడు, దాన్ని ఫిజీ ఆయన తాత గుర్రం అనేవాడట.

"అది ట్రిగర్, అమ్మమ్మా."

సరే, ట్రిగరే. ఆయన మాత్రం గుర్రం అనే అనేవాడు. నా సంగతి చెబితే ఆయన నవ్వలేదు. "అక్కకి తెలవకుండానే అంతా తెలిసిపోయింది. గుర్రమైనా ఇట్లనే కొనాల" అన్నాడు.

ఇక్కడ తుపాకి కొనడం కత్తిపీట కొన్నట్టు కాదు. పోలీసుల లైసెన్సు, దాన్ని పెట్టడానికి ఇనప బీరువా, తర్వాత పర్మిట్. నా బంగారం ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే తుపాకికి బీరువా వచ్చింది. అందులోనూ వేలు లాగినప్పుడల్లా తర్వాతి గుండు తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రకం మామూలు వాళ్ళకి ఇవ్వనే ఇవ్వరు. వ్యవసాయమే బతుకని చూపిస్తే ఇస్తారు. అదీ చిన్న గుండ్లది, అదీ ఒక్కటే. ఆ ఒక్కటీ సరిగ్గా పనిచేయనిది కొన్నావా, అది వదిలించుకుని మళ్ళీ పర్మిట్ తెచ్చుకునేసరికి గోంగూర కాలం అయిపోతుంది. మీ నాన్న భయం అంతా అదే. పొలం కొన్నప్పుడే అడిగిన పర్మిట్ ఇప్పటికి చేతికొచ్చింది, బడ్జెట్ తక్కువ ఉంది, రోజుకో సాలు పోతోంది.

ఫిజీ ఆయనతో కలిసి ఊళ్ళో గాలాలూ తుపాకులూ అమ్మే షాపుకి వెళ్ళాం. మీ అమ్మ నిన్ను తీసుకుని బయటికి వెళ్ళింది, ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకని నన్నూ తీసుకెళ్ళారు. నాకో కుర్చీ వేశారు. షాపతను గడ్డం మనిషి, మంచివాడే. కౌంటర్ మీద ఒక కొత్త తుపాకి పెట్టాడు. నల్ల ప్లాస్టిక్ పిడి, పైన దూరం చూసే గొట్టం, మోసుకుపోవడానికి సంచీ, అన్నీ కలిపి చౌక. మీ నాన్న కళ్ళు దానిమీదే ఉన్నాయి.

ఫిజీ ఆయన ముందు దాని మూతి నేలకి తిప్పి, పక్కనున్న తలుపులాంటిది లాగి లోపల చూశాడు. షాపతను అప్పుడే ఖాళీ అని చూపించాడు. అయినా ఈయన మళ్ళీ చూసి, మీ నాన్నకి చూపించాడు. "ఆయన చూసినాడు, నేను చూసినాను, ఇప్పుడు నువ్వు చూడు నాయినా. ఇక్కడ ఒకరి మాట మీద ఒకరు నమ్మొద్దు." తర్వాత కళ్ళు మూసుకుని గుర్రం మీద వేలు పెట్టాడు. షాపులో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళూ ఇటు తిరిగి చూశారు. టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది.

"ఇసక ఉండాది" అన్నాడు, లాగుతుంటే గరగరలాడుతోందని, తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పాడు.

షాపతను, వాడగా వాడగా అది పోతుందన్నాడు.

"అన్నీ వాడగా వాడగా పోతాయి. మంచితనం కూడా" అని తెలుగులో నాకు చెప్పాడు. పైన ఉన్న గొట్టాన్ని వేలితో కదిపి చూసి, "కుంటెద్దుకి గంటలు కట్టినట్టుండాది" అన్నాడు.

పాతవి రెండు తీశారు. మొదటిదాని కర్ర చూస్తే నాకే ముచ్చటేసింది, తేనె రంగులో నున్నగా ఉంది. ఈయన జేబులోంచి తెల్ల రుమాలు తీసి మూతి దగ్గర పట్టుకుని చూసి, అంచున చిన్న నొక్కు చూపించాడు. "నోరు పగిలినోడు నిజం చెప్పడు నాయినా. గుండు ఇక్కడినించే బయటికి పోవాల, ఇక్కడ తప్పిందంటే అంతా తప్పే." రెండోది ఆయనకి నచ్చింది గానీ, గుండ్లు నింపే డబ్బా ఇంకోటి దొరుకుతుందా అని అడిగితే షాపతను భుజాలు ఎగరేశాడు. "మేత గిన్నె దొరకని గుర్రం మనకెందుకు" అని తిరిగి ఇచ్చేశాడు. నవ్వు ఆపుకోవడం నాకే కష్టమైంది.

మీ నాన్నకి మాత్రం నవ్వు రాలేదు. కారెక్కాక అన్నాడు, "అంకుల్, నేను పోటీలకి వెళ్ళట్లేదు. కుందేళ్ళు రోజూ తింటున్నాయి. ఆ కొత్తది తీసేసుకుంటే అయిపోయేది."

"తీసుకుంటే నీ ఒక్క పర్మిటూ అయిపోతాది. అదే నేనూ చెప్తా ఉండేది."

"మీకు నచ్చేది ఈ షాపులో లేదు. ఏ షాపులోనూ ఉండదు."

ఆయన గేటు దగ్గర కారు ఆపితే దిగి, తలుపు వేసి, అద్దం దగ్గరికి వంగి, "నాది తీసుకో" అన్నాడు.

ఆయనకీ అలాంటిదే ఒకటి ఉంది. ఎప్పుడు వెళ్ళినా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ కనిపించేవాడు. చెయ్యి వణుకుతోంది, చూపు తగ్గింది, లైసెన్సు ఇచ్చెయ్యి నాన్నా అని కూతురు ఏడాదిగా పోరుతోంది. ఈయన దాటేస్తున్నాడు. ఆ తుపాకి ఇంకొకరి చేతికి వెళ్ళడమంటే ఆయన ఇక రైతు కాడని ఒప్పుకోవడమే. అది మీ నాన్నకీ తెలుసు.

తుపాకి చేతులు మారాలంటే షాపు ద్వారానే మారాలి. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ నాకు కుర్చీ. గడ్డం అతను కంప్యూటర్లో ఏదో కొట్టడం మొదలుపెట్టాడు. ఈయన తన తుపాకి కౌంటర్ మీద పెట్టి, లోపల ఖాళీ ఉందని ముగ్గురికీ చూపించి, పరీక్షకి వాడే ఉత్తుత్తి గుండ్లు ఇమ్మన్నాడు.

"ఇప్పుడెందుకంకుల్, మీదే కదా" అన్నాడు మీ నాన్న.

"నాదైతే ఏమి?"

గుర్రం చూశాడు. మొహంలో సంతోషం. నోరు చూశాడు, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గుండ్ల డబ్బా బిగించి, కళ్ళు మూసుకుని మేత చూడటం మొదలుపెట్టాడు. చేత్తో ఆ తలుపు లాగి వదులుతుంటే ఒక్కోటీ లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి కౌంటర్ మీద పడుతున్నాయి. తర్వాత ఒకటి పడలేదు. లోపలే అడ్డం తిరిగి ఇరుక్కుంది. ఆయన కళ్ళు తెరిచి, దాన్ని తీసి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఇరుక్కుంది. షాపతను తీసుకుని దీపం వేసి చూసి, పేలిన గుండు తొడుగుని పట్టి బయటికి లాగే చిన్న గోరు అరిగిపోయిందన్నాడు. ఆ గోరు కొత్తది దొరకదు, చేసేవాళ్ళు ఎప్పుడో మానేశారు. "ఎక్కువసార్లు పనిచేస్తుంది, షి విల్ బి రైట్, మేట్" అని, ఏం ఫర్వాలేదన్నట్టు మంచి మాటే చెప్పాడు.

మీ నాన్న కూడా, "ఎప్పుడన్నా ఒకటి ఇరుక్కుంటే ఏమైంది అంకుల్, తీసి మళ్ళీ కాలుస్తాను. నాకిదే కావాలి" అన్నాడు.

"లోపల గుండు ఇరుక్కున్న తుపాకి చేతిలో పెట్టుకుని చీకట్లో తడుముకుంటావా? ఇంట్లో పసిబిడ్డ ఉండాది."

"మీరు ఇన్నేళ్ళు వాడారు కదా."

"వాడినాను. ఇప్పుడు నీకోసం కొనడానికి వచ్చినాను. ఇది కొనను" అన్నాడు. తన వస్తువుని తనే కొననని చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

గొంతు మామూలుగానే ఉంది. తన తుపాకిని పక్కకి జరిపి షాపతన్ని, ఆ చౌక రకం ఇంకోటి పెట్టెలో ఉందా అని అడిగాడు. అదే కంపెనీ, అదే రకం, వేరే పెట్టె. మీ నాన్న ఆశ్చర్యపోయాడు, మొన్న ఇసక ఉందన్నారుగా అని. "ఒక కాన్పులో పుట్టిన కుక్కపిల్లలు అన్నీ ఒకటేనా? చౌక సరుకులో కంపెనీని కాదు, చేతిలో ఉన్నదాన్ని చూడాల. మొన్న ఇంకో పెట్టె తెరవమని అడగాల్సింది, నాకే బుద్ధి లేకపాయ" అన్నాడు. రెండో పెట్టెలో ఇసక లేదు. వరసగా మేసింది, కుడిపక్కకి విదిలించింది. మూడో పెట్టె కూడా తెరిపించి, రెండోదే మేలని తేల్చాడు. పైనున్న గొట్టం ఊడదీసి షాపతనికి ఇచ్చేశాడు, దాని విలువ తగ్గించి బిల్లు వెయ్యమన్నాడు. తన పాతదాన్ని అక్కడే అప్పగించేశాడు, మళ్ళీ ఎవరికీ అమ్మకుండా పోలీసులకి ఇచ్చెయ్యమని చెప్పి.

తిరిగొచ్చేటప్పుడు నా పక్కన వెనక సీట్లో కూర్చున్నాడు. అడగకుండా ఉండలేక అడిగాను, "అది చెడిపోయిందని మీకు ముందు తెలియదా?"

"తెలవదక్కా. రెండేళ్ళుగా పేల్చింది లేదు. తుడిచినాను, నూనె పెట్టినాను. మనదాన్ని తుడస్తాం గానీ చూడం కదా" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

రెండు రోజులు తిరక్కముందే లైసెన్సు కూడా ఇచ్చేశాడని కూతురు ఫోన్ చేసి చెప్పింది. మనం ఏం మందు పెట్టామని నన్ను అడిగింది.

కొత్త తుపాకితో మీ నాన్న మొదటిసారి పొలంలోకి దిగిన సాయంత్రం ఫిజీ ఆయన వచ్చాడు. నువ్వు లోపల మీ అమ్మ ఒళ్ళో చెవులకి దూది పెట్టించుకుని కూర్చున్నావు. ఆయన వరండాలో పొలం వైపు వీపు పెట్టి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. మీరు చూడరా అని నేనడిగితే, వినాల అన్నాడు. దూరంగా పేలింది. వెంటనే ఇంకోటి. కొంచెం ఆగి వరసగా మరికొన్ని. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. తుపాకి ఎక్కడా ఆగలేదు, గుండు ఇరుక్కోలేదు. గట్టు మీద కుందేళ్ళు చెల్లాచెదురై పోవడం నాకు కనిపించింది. కొన్ని పోలేదు. ఆ డిసెంబర్‌లో గోంగూర పెట్టెలు హారిస్ పార్క్ వెళ్ళాయి, పొలం నిలబడింది, మీ నాన్న మళ్ళీ ఆఫీసు ముఖం చూడలేదు.

ఆ సాయంత్రం మీ నాన్న గుండ్లన్నీ తీసేసి, తలుపు తెరిచి ఖాళీ చేసిన తుపాకితో మెట్లెక్కి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"ఎలా ఉందంకుల్?"

"నాదానికన్నా బాగా పలకతా ఉండాది" అన్నాడు.

మీ నాన్న సంతోషం పట్టలేక దాన్ని ఆయనకి అందించబోయాడు, ఒక్కసారి పట్టుకుని చూడండి అని. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నాకిప్పుడు లైసెన్సు లేదు నాయినా. నేను ముట్టుకోకూడదు. పో, బీరువాలో పెట్టుకో."

మీ నాన్న లోపలికి వెళ్ళాడు. ఆయన అక్కడే నిలబడి పొలం వైపు చూస్తున్నాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను గనుక కట్టుకున్న ఆ చేతులు నాకు కనిపిస్తున్నాయి. కుడిచేతి చూపుడు వేలు మెల్లగా లోపలికి వంగి, మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ వంగుతోంది.